వెనక వచ్చేవాడు

తిరిగొచ్చేలోపు చెప్పమంది. సైకిలు నా చేతికిచ్చి, తలకు ఆ ప్లాస్టిక్ టోపీ పెట్టి, పట్టీ తనే బిగించి, "బాపు, గీ చుట్టు తిరిగొచ్చేలోపు ఒక్క మాట చెప్పు. అవునంటె అవును, కాదంటె కాదు. ఎన్ని దినాలు నానవెడ్తవు? ఇయ్యాల మామకు ఫోన్ చెయ్యాలె," అంది నా బిడ్డ ప్రవళిక. పట్టీ బిగుతుగా ఉందన్నాను. సడలించింది. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ముందుకు వెళ్లి ఈల ఊదింది. హైదరాబాద్ నుంచి అడవిలో సైకిలు తొక్కడానికి వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు కదిలారు. ఎర్రవి, పసుపువి, కొత్త సైకిళ్లు, కొత్త బూట్లు. అందరికంటే ముందు ఆమె. అందరికంటే వెనక నేను. రోజూ వెనకుండే డానియల్ ఎవరి పెళ్లికో పోయాడట. పెళ్లిళ్లకు పోవడానికి జనానికి ఎంత తీరికో. ఒక్క పూట నువ్వుండు బాపు, నీకు గీ బాట ఎరికే గదా అంది. ఎరికే. ఈ బాట నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసు.

ఆమె అడిగింది పెద్ద సంగతేమీ కాదు, వినేవాళ్లకు. వచ్చే నెల పెళ్లి. పిల్లను ధారపోయాలంటే పీటల మీద జంట కూర్చోవాలి. పెళ్లాం చెంబుతో నీళ్లు పోస్తే మొగుడు పెళ్లికొడుకు కాళ్లు కడగాలి. పెళ్లాం చచ్చినవాడు పనికిరాడు. కన్నతండ్రి అయినా సరే పందిట్లో ఒక మూల నిలబడి అక్షింతలు వేయాలి. ఇది నేను కొత్తగా విన్నది కాదు. మా నాయన కాలం నుంచీ ఇంతే. మరొకరి ఇంట్లో జరిగినప్పుడు నేనూ తలూపినవాడినే. సరే, నేను పనికిరాను. మరి నా చోట్లో ఎవరు? మా పాలివాడు, వరసకు అన్న, భీమయ్య ఉన్నాడు, ఆయన భార్య అండాలు ఉంది, వాళ్లు కూర్చుంటారనుకున్నాను. ప్రవళిక పరమేష్ కావాలంది. పరమేష్, వాడి భార్య భాగ్యలక్ష్మి. పరమేష్ నా బామ్మర్ది. సైదమ్మ తమ్ముడు. సైదమ్మను చంపినవాడు. నాకు పెళ్లాం లేకుండా చేసినవాడు, నాకు పెళ్లాం లేదు కాబట్టి నా పీట మీద కూర్చుంటాడట.

బాట మెల్లగా గుట్ట నడుము చుట్టూ తిరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడు ఎక్కడా లేదు. ముందున్న ఒకడు, "ఎంత ఈజీగా ఉంది రా, గేరు మార్చే పనే లేదు," అని అరిచాడు. ఉండదు. ఇది మనిషి గీసిన బాట కాదు, గొర్రె గీసింది. గొర్రె ఎత్తుకు ఎదురెక్కదు. గుట్టను చుట్టి పోతుంది, మేస్తూ మేస్తూ, ఆయాసం తెలియకుండా పైకి చేరుతుంది. మా తాత మంద, మా నాయన మంద, నా మంద, వానాకాలం కింద చేలన్నీ పైరు మీద ఉన్నప్పుడు ఈ బాటనే గుట్ట మీది పచ్చికకు, పైబయలుకు పోయేవి. డెక్కలు తొక్కి తొక్కి నేల గట్టిపడింది. దాని మీద మొరం పోసి, రోలరు తిప్పి, బాణం గుర్తులు పాతారు. గేటు దగ్గర బోర్డు పెట్టారు, పశువులకు ప్రవేశం లేదని. గొర్రెలు పోగూడని బాట మీద గొర్రెల కాపరి బిడ్డకు ఉద్యోగం. మంచిదే. ఉద్యోగాన్ని నేను కాదనలేదు. పిల్లవాడినీ కాదనలేదు. కమలాకర్ అని, చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని, మర్యాదస్తుడు, వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి నిలబడే ఉన్నాడు కూర్చోమనే దాకా. ఆ సంబంధం ఎవరు తెచ్చారో తరువాత తెలిసింది. అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటాడు పరమేష్. సూదిమందు పొడిచి మనిషిని చంపినవాడు మందులు తయారయ్యే చోట గేటు కాస్తున్నాడు. దేవుడికి కూడా వెటకారం ఉంటుంది.

ఎండ ఇంకా చెట్లపైనే ఉంది. కింద నీడ. మద్ది చెట్ల తెల్లటి మానులు తడిసి మచ్చలు పడ్డాయి, రాత్రి చినుకులు పడ్డట్టున్నాయి. తునికి ఆకుల మీంచి ఒక్కో చుక్క రాలి టోపీ మీద టపమంటోంది. ఈ టోపీ లోపల నా తల ఇంకొకరిదిలా ఉంది. కుడివైపు లోయ, లోయలో పొగమంచు, పొగమంచులో ఎక్కడో నెమలి. ముందు సైకిళ్లవాళ్లు నెమలి, నెమలి అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నెమలి అరిస్తే వాన అనేది సైదమ్మ. అది అరవకపోయినా వానాకాలంలో వాన వస్తుంది కదా అనేవాణ్ని. నీకేం చెప్పినా ఎదురే అనేది. ఏ మాటైనా ముందు నుంచే అనేది, వెనక్కి తిరగకుండా, గాలికి వదిలేసినట్టు. మధ్యలో గొర్రెలన్నీ. మందకు ముందొకరు ఉండాలి, వెనకొకరు ఉండాలి. ముందు నడిచేవాళ్లు పిలవాలి. సైదమ్మ నాలుక అంగిలికి కొట్టి ఒక చప్పుడు చేసేది, చివర్లో హొయ్ అని సాగదీసేది, పొట్టేలు తలెత్తి ఆ దిక్కు నడిచేది, దాని వెనక అన్నీ. వెనక నేను. కుంటివి, ఈనినవి, పిల్లను మరిచి ముందుకు పోయినవి, అవన్నీ వెనకవాడి పాలు. వెనకవాడు ఎవరినీ దాటగూడదు. వాడికి కనిపించేవి వీపులే. నేను పెళ్లినాటి నుంచి ఎక్కువగా చూసింది ఆమె వీపు, నల్ల గొంగడి, నెత్తిన సద్దిమూట. వీపు బాగా గుర్తుంది. కుడి భుజం కాస్త కిందికి ఉండేది. ముఖం సంగతి అడగవద్దు.

ఒక అమ్మాయి వెనకబడింది. ముందువాళ్లు పూజా, పూజా అని కేకేస్తుంటే చెయ్యి ఊపుతోంది, కాళ్లు మాత్రం తొక్కడం లేదు. దిగి నడుస్తోంది. నేనూ దిగాను.

"అంకుల్, మీరు ముందుకు పోండి. నేను మెల్లగా వస్తాను."

"నేను ముందుకు పోరాదమ్మా."

"ఎందుకు?"

"ఎనకుండేటందుకే వచ్చిన."

"అంటే పులి వస్తే ముందు మిమ్మల్నే తింటుందన్నమాట," అని నవ్వింది.

"నాది ముసలి మాంసం. పులికి గా మాత్రం తెలివి ఉండదా? నన్ను దాటిపోయి మిమ్ములనే పడ్తది."

ఆమె నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి సైకిలెక్కింది, వేగంగా తొక్కింది. కొంత దూరం పోయాక వెనక్కి చూసి, "జోకే కదా అంకుల్?" అంది. జోకే అన్నాను. నా నోట జోకులు వచ్చి ఎన్నేళ్లయిందో. ఇంట్లో హాస్యం సైదమ్మది. చచ్చేముందు కూడా హాస్యమే ఆడింది. ఆ మాట నేను వినలేదు. నేను వెనక ఉన్నాను.

రాష్ట్రం రావడానికి నాలుగైదేళ్ల ముందు అది, వానాకాలం. పైబయలులో మంద దించాం. ఆమెకు జ్వరం, ఒళ్లు నొప్పులు, రెండు మూడు రోజుల నుంచి కాస్తున్నా ఎవరికీ చెప్పలేదు. పరమేష్ ఆ ఏడు మాతోనే ఉన్నాడు. వాడు పశువుల డాక్టరు సంచి మోసి, క్యాంపులు తిరిగి, సూదులు వేయడం నేర్చుకున్నాడు. గొర్రెకు జ్వరమొస్తే, పొదుగు వాస్తే, డెక్క చీము పడితే వాడే. చుట్టుపక్కల మందలవాళ్లు కూడా వాడినే పిలిచేవారు. చెయ్యి మంచిదని పేరు. గొర్రెను కాళ్ల నడుమ ఇరికించుకుని, నడుం మీద అరచెయ్యి వేసి బరువు చూసి, ఇంత గొర్రెకు ఇంత అని సీసాలోంచి లాగేవాడు. ఎప్పుడూ గురి తప్పలేదు, గొర్రెల మట్టుకు. ఆ రోజు ఒక గొర్రె బాటలోనే ఈనింది. నేను దాని దగ్గర ఆగిపోయాను. పిల్లను తుడిచి, తల్లికి నాకనిచ్చి, కాళ్లు నిలబడేదాకా చూసి భుజాన వేసుకుని నడిచాను. ఈ మలుపు దగ్గరే కావచ్చు, ఇక్కడొక రాతి చరియ ఉండేది, ఇప్పుడు దాని మీద తెల్ల బాణం గీశారు. నేనిక్కడ గొర్రెపిల్ల మూతి తుడుస్తున్నప్పుడు అక్కడ పైన వాడు సీసా తీశాడు. "అక్కా, నువ్వు రెండు గొర్రెల ఎత్తుంటవు. రెండు గొర్రెల మందు వేస్త, పొద్దుగూకేవరకు లేచి ఉరుకుతవు," అన్నాడట. ఆమె చెయ్యి చాపి, "మరి ఉన్ని గూడ కత్తిరిస్తవా ర తమ్మీ?" అన్నదట. అక్కడున్నవాళ్లంతా నవ్వారట. పక్క మందవాళ్లు చెప్పారు. వాడూ చెప్పాడు, పెద్దల ముందు, తల నేలకేసి. నవ్విన నోరు నవ్వినట్టే ఉండగా దురద అన్నదట, అరచేతులు గోక్కున్నదట, గొంతు పట్టేసిందన్నదట.

నేను బయలు అంచుకు ఎక్కేసరికి జనం గుమిగూడి ఉన్నారు. ఎవరి మందలోనో తగవు అనుకున్నాను. భుజాన పిల్లతోనే తోసుకుని లోపలికి పోయాను. కింద పడుకున్నది సైదమ్మ కాదు. పెదవులు ఉబ్బి, కళ్లు పూడుకుపోయి, చెంపలు మెడలో కలిసిపోయి, ఎవరో పరాయి మనిషి సైదమ్మ చీర కట్టుకుని పడుకుంది. ముక్కుపుడక చర్మంలోకి దిగబడి ఉంది. దాన్ని చూసి పోల్చుకున్నాను. గొంగడిని జోలె కట్టి, కట్టె దూర్చి మోశాం, ముందు వాడు, వెనక నేను. రోడ్డు కనపడక ముందే జోలె బరువు మారింది. మోసేవాళ్లకు అది తెలుస్తుంది. వాడికీ తెలిసింది, అయినా వాడు పరుగు ఆపలేదు. నేనూ ఆపలేదు. చచ్చినదాన్ని మోసుకుని పరుగెత్తాం, ఇద్దరం. అదే వాడితో నేను కలిసి చేసిన చివరి పని.

తెలియక చేశాడన్నారు. మందు పడలేదన్నారు, కొందరికి పడదట. తోడబుట్టిన అక్కను కావాలని చంపుకుంటాడా అన్నారు. అన్నీ నిజమే. నేను కాదనలేదు. కాని తెలియనివాడు సూది ఎందుకు పట్టాలి? దవాఖాన లేదా? పొద్దున బయలుదేరితే ఎండ ముదిరేసరికి కింద రోడ్డు మీద ఉండేవాళ్లం. నన్ను అడిగాడా? వెనక వస్తున్నాడు బావ, జర ఆగుదాం అన్నాడా? దినవారాలు అయ్యాక కులపెద్దలు చెట్టు కింద కూర్చున్నారు. మాలో తగవు తీరిందంటే ఇద్దరూ ఒకే ముంతలో కల్లు తాగాలి. తప్పు చేసినవాడు ముందు తాగి ముంత అందిస్తాడు. ఎదుటివాడు మూతి పెట్టాడా, ఆ మాట అక్కడితో సరి, మళ్లీ ఎవరూ ఎత్తరు. పరమేష్ తాగాడు. రెండు చేతులతో ముంత పట్టుకుని నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బావా," అన్నాడు. నేను ముంత తీసుకున్నాను. పెద్దలు ఊపిరి వదిలారు. ముంత వంచి కల్లంతా మట్టిలో పోశాను. నురగ కాసేపు బుసబుసమని ఇంకిపోయింది. అట్లా ఎవరూ చేయలేదట మా కులంలో. నేను చేశాను. వాడు ఆ నెలలోనే గొర్రెలమ్ముకుని గుట్ట దిగి పోయాడు. సూది మళ్లీ పట్టలేదని జనం చెబుతారు. పట్టకపోతే ఎవరికి లాభం.

చెట్లు పలచబడ్డాయి. వెలుగు ఒక్కసారిగా మీద పడింది. పైబయలు. సైకిళ్లవాళ్లంతా అబ్బా అన్నారు, ఒకే గొంతుతో అన్నట్టు. బోదగడ్డి నడుమెత్తు పెరిగి కంకులు వేసింది, గాలికి ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తోంది, మధ్య మధ్య పసుపు పూలు. మా కాలంలో గడ్డి ఎప్పుడూ ఈ ఎత్తు లేదు. గొర్రె మూతి తగిలిన గడ్డి నేలనంటి పచ్చగా ఉంటుంది. ఇప్పుడు తినేవి లేక ముదిరింది, ఫోటోకు బాగుంటుంది. సైకిళ్లు స్టాండ్లు వేసి గడ్డిలో పడుకున్నారు. ఒకడు చేతులు చాచి, కళ్లు మూసుకుని, "ఎంత ప్రశాంతంగా ఉంది మామా ఇక్కడ, చచ్చిపోవచ్చు," అన్నాడు. ఇంకొకడు, "చావు గాని, ముందు నా ఫోటో తియ్యి," అన్నాడు. వాడు పడుకున్న చోటు ఆ చోటు కాదు. ఆ చోటు ఇంకాస్త ఎడమకు, రెండు బండరాళ్ల నడుమ. రాళ్లు ఉన్నాయి. వాటి మీద కొత్తగా చెక్క పలక వేసి బెంచీ చేశారు. నేను నిలబడే ఉన్నాను. సైకిలు హ్యాండిలు వదల్లేదు. ప్రవళిక అటువైపు చూడలేదు. రోజూ వస్తుంది ఇక్కడికి, రోజుకు రెండుసార్లు, నవ్వుతూ నీళ్ల సీసాలు పంచుతుంది. ఆ రోజు ఆమె గడ్డిలో ఇంకొక గొర్రెపిల్లతో ఆడుతోంది, బడి కూడా సరిగా మొదలు కాని పిల్ల. ఆ గొర్రెపిల్ల చెవి తెల్లగా ఉండేదని చెబుతుంది. తల్లి సంగతి మాత్రం ఏమీ గుర్తు లేదంటుంది.

పూజ బెంచీ మీద కూర్చుని తల పట్టుకుంది. తలనొప్పి అంది. లావుపాటి మనిషి ఒకడు సంచిలోంచి గోళీల అట్ట తీసి, "ఇది వేసుకో, నేను రోజూ ఇదే వేసుకుంటా," అని ఒకటి చిదిమాడు. ప్రవళిక ఎటు నుంచి వచ్చిందో, గోళీ వాడి చేతిలో ఉండగానే వాడి మణికట్టు పట్టుకుంది.

"ఆగున్రి సార్. అది ఏం గోళీ?"

"పెయిన్ కిల్లరే అమ్మా. మామూలుదే."

"మేడమ్, గిది మీరు ఇంతకు ముందు మింగిన్రా?"

"లేదు. ఏదో ఒకటి, ఫర్లేదు."

"ఫర్లేదు కాదు. మీకు ఏదన్న మందు పడదని డాక్టరెప్పుడన్న చెప్పిండా? దద్దుర్లు వచ్చినయా?"

"చిన్నప్పుడు ఏదో వచ్చింది... పేరు గుర్తు లేదు."

"అయితె వద్దు. సార్, లోపల వెట్టుకోన్రి. మేడమ్, నీళ్లు తాగి కండ్లు మూసుకోన్రి, తగ్గకుంటె జీపు పిలుస్త. కింద డాక్టరుంటడు."

లావుపాటి మనిషి, "ఒక్క గోళీకి ఇంత సీనా?" అని గొణిగాడు. "సీనే సార్. జరిమాన రాసుకోన్రి నా పేరు మీద," అంది. నవ్వలేదు. మణికట్టు వదిలిన చోట వాడి చర్మం తెల్లబడింది. ఒక పరాయి పిల్ల తలనొప్పికి ఇన్ని ప్రశ్నలు. తల్లికి ఒక్కటి కూడా అడగనివాడిని పీట మీద కూర్చోబెట్టాలట. ఏ కడుపున ఏముందో కన్నవాడికి కూడా తెలియదు. మరిచిపోయిందనుకున్నాను. మరవలేదు. మరవకుండానే అడుగుతోంది. అదే నాకు కొరుకుడు పడదు.

మొన్న పొద్దున దొడ్లో పెంట ఎత్తుతుంటే చెప్పింది, గంప నెత్తిన పెట్టుకోబోయి మళ్లీ కింద పెట్టి. "బాపు, నాకు అమ్మ మొకం యాదికి లేదు. ఎంత తండ్లాడినా రాదు. మనింట్ల ఒక్క ఫోటో లేదు. రేషన్ కార్డుల ఉన్నదాంట్ల కండ్లు గూడ కనవడయి. మామను చూస్తె మాత్రం గిట్లుండె గావచ్చు అమ్మ అనిపిస్తది. ముక్కు గదేనట గదా? నవ్వితె చెంపల సొట్ట గదేనట గదా? అండాలు పెద్దమ్మ చెప్పింది. మామను చూసొచ్చిన నాడు నాకు నిద్ర వడ్తది. పీట మీద గా మొకం ఉండాలె బాపు. నన్ను ధారవోసెటప్పుడు నేను తలెత్తితె గా మొకం కనవడాలె." నేను పెంట ఎత్తాను. పార నేలకు గీసుకుని చప్పుడైంది. మళ్లీ ఎత్తాను. ఏం చెప్పాలి? నాకూ గుర్తు లేదు బిడ్డా అని చెప్పాలా? కళ్లు మూసుకుంటే నాకు వచ్చేది ఆ ఉబ్బిన ముఖమే. అది మిగతా ముఖాలన్నిటినీ మింగింది, పెళ్లినాటిదాన్ని, కల్లు తాగి పాడినప్పటిదాన్ని, నిన్ను కని పక్కకు తిరిగి నన్ను చూసినదాన్ని. వీపు మిగిలింది. ముఖం లేదు. ఉన్నది ఒక్కచోటే. వాడి మెడ మీద. చంపినవాడు ఆమె ముఖం పెట్టుకుని చౌటుప్పల్‌లో తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు అద్దంలో దాన్ని చూసుకుంటూ. ఒకసారి నల్గొండ బస్టాండులో కనిపించాడు, పొట్టేళ్లు అమ్మి వస్తుంటే. అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఇటు తిరిగితే చూడాల్సి వస్తుందని ఎటు పోయేదో కూడా చూడకుండా బస్సెక్కాను. అది దేవరకొండ పోయే బస్సు.

ఈల. లేచారు. గడ్డి గింజలు దులుపుకున్నారు. పూజకు తలనొప్పి తగ్గిందట, చెయ్యి ఊపింది నాకు. ఇక్కడి నుంచి బాట అవతలి పక్కగా దిగుతుంది, తొక్కే పని కూడా లేదు, బ్రేకు మీద వేళ్లుంచితే చాలు. చల్లటి గాలి మొహాన కొడుతోంది. వాళ్లు కేకలు వేస్తున్నారు, కొందరు చేతులు వదిలేసి దిగుతున్నారు. ఎంత సుఖంగా ఉంది. సుఖంగా ఉంటే నాకు కోపం వస్తుంది. అవునంటే ఏమవుతుంది? వాడు కూర్చుంటాడు. భాగ్యలక్ష్మి నీళ్లు పోస్తుంది. అందరూ చూస్తారు. నన్ను చూపించి జంగయ్య దిగొచ్చాడంటారు, ఇన్నేళ్లకు బుద్ధి వచ్చిందంటారు, ముంతలో కల్లు ఇప్పుడు తాగాడంటారు. కాదంటే? భీమయ్య కూర్చుంటాడు, దగ్గుతూ. పిల్ల తలెత్తదు. నేను మూల నిలబడి ఆ వంచిన తల చూస్తాను. వాగు వచ్చింది. నీళ్లు చక్రం సగం దాకా. ప్రవళిక అవతలి ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ దాటిస్తోంది, చెయ్యి చాచి, రండి, భయం లేదు, రాయి మీద కాలెయ్యకున్రి. నా వంతు వచ్చేసరికి నాకూ చెయ్యి చాచింది. నేను అవసరం లేదన్నాను. నీళ్లలో నడిచి దాటాను. బూట్లు లేవు నాకు, తడిస్తే ఏమవుతుంది. అప్పుడు తట్టింది. రెండూ కాని మాట ఒకటి ఉంది. ఆమెకు కావలసింది ఇచ్చి, వాడికి ఇవ్వకూడనిది ఇవ్వకుండా ఉండే మాట. ఎందుకు ముందే తట్టలేదు? మిగతా దారంతా ఆ మాటను నోట్లో పెట్టుకుని వచ్చాను. మెత్తగానే ఉంది.

గేటు దగ్గర అందరికీ మజ్జిగ పోశారు. వాళ్లు కార్ల దగ్గరికి పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఊపిరి ఇంకా ఎగుస్తోంది.

"చెప్పు బాపు."

"కూసోనీ."

ముఖం విచ్చుకుంది. నా చెయ్యి పట్టుకుంది. "నిజంగనా? మామనేనా?"

"వాడు, వాని పెండ్లాం. కూసోనీ. నేను రాను."

"రాను అంటె?"

"పందిట్లకు రాను. గా దినం మంద మీద ఉంట. జనం అడిగితె గదే చెప్పు."

ఆమె చెయ్యి వెంటనే తీసేయలేదు. మెల్లగా వదిలింది.

"మామ ఏమన్నడో ఎరికేనా నీకు? బావ వచ్చి చెయ్యి వట్టి కూసోవెడ్తెనే కూసుంట, లేకుంటె పందిరి బయట నిలవడి చూసిపోత అన్నడు. నువ్వు లేని పెండ్లిల నీ జాగల కూసునేంత పాపం నాకొద్దు అన్నడు. గందుకే నిన్ను అడుగుడు. లేకుంటె నిన్నెందుకు అడుగుత? నేను పిల్చుకుంటె రాడా?"

చెయ్యి పట్టి. ఏ చేతిని? సీసా మీద మూత తీసిన చేతిని. ఆమె చెయ్యి పట్టుకుని సూది దించిన చేతిని. అందరి ముందు పట్టుకుని, పీట దాకా నడిపించి, కూర్చో అని. నీళ్లలో వచ్చిన ఆ మెత్తని మాట నోట్లోనే రాయి అయింది.

"అయితె బయటనే నిలవడనీ," అన్నాను.

"బాపు."

"భీమయ్య ఉన్నడు. అండాలు ఉన్నది."

"భీమయ్య పెదనాయినది అమ్మ మొకమా?"

నేను టోపీ పట్టీ విప్పాను. ఆమె కాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే మారేవాణ్నా? మారను. అయినా ఆమె ఏడవలేదు. "సరె. రెండో జట్టుకు నువ్వు రాకు. ఎనక ఎవరు లేకున్నా నడుస్తది," అని ఫోను తీసింది. అక్కడే, నా ముందే నిలబడి నొక్కింది. దాచుకోవడానికి ఏముంది అన్నట్టు.

"మామా. ఆఁ, ఇప్పుడే తిరిగొచ్చినం. అడిగిన. కాదన్నడు." ఆగింది. "మామా? ఉన్నవా? ... ఏడ్వకు. డ్యూటీల ఉన్నవు గదా, ఎవరన్న చూస్తరు. ఏడ్వకు మామా. నేనేమన్న నారాజైతున్ననా? ... తిన్నవా? ముందు ఇంత తిను." అటు తిరిగి నడుచుకుంటూ పోయింది, ఫోను చెంపకు అదుముకుని.

వాడు ఏడుస్తుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కింది పెదవి ఎడమకు వంకర పోతుంది. చెంప మీది సొట్ట నవ్వినప్పుడు ఉన్నచోటే పడుతుంది, కాని కింది నుంచి. కళ్లు చిన్నవై, చూపు నేల మీదకు కాదు, సూటిగా ఎదుటివాడి కళ్లలోకి. మా మొదటి కాన్పు పిల్లవాడు పోయినప్పుడు గుడిసె వాకిట్లో కూర్చుని నన్ను అట్లాగే చూసింది. సైదమ్మ. ముక్కు, పుడక, చెంపల మీద ఆరిన కన్నీటి ఉప్పు, నుదుట చెరిగిన బొట్టు, అన్నీ. ఉబ్బు లేదు. గేటు దగ్గర, సైకిళ్ల నడుమ, పట్టపగలు, నా ముందు నిలబడి నన్నే చూస్తోంది.

నేను మాట మార్చలేదు.